నోట్లో గుండుసూదులు

ఉదయం ఏడున్నరకే మూడో కస్టమరు తలుపు తట్టింది.

"ఈ మెసేజ్ నువ్వే పెట్టావా?" అంటూ ఫోను చాపింది. పక్క వీధి నర్సు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది.

తెర మీద దర్జీ ఫోటోనే ఉంది, దర్జీ నంబరే ఉంది. కింద రెండు ముక్కలు: 'కొలతలు తేడా వచ్చాయి. భుజాల నుంచి నడుము దాకా కనిపించేలా అద్దం ముందు నిలబడి ఫోటో పంపండి. అర్జెంటు.'

"నేను కాదమ్మా," అంది దర్జీ. పొద్దున్నుంచి ఆ మాట అనడం అది మూడోసారి. "నా ఫోనులో మెసేజీలే తెరుచుకోవట్లేదు. ఎవరో నా పేరు మీద కూర్చున్నారు."

"నేను పంపలేదులే. నిద్రలో లేపి అడిగినా నా కొలతలు చెప్తావు, నీకు ఫోటో ఎందుకూ అనుకున్నా. కానీ అందరూ అలా అనుకోరుగా?"

నర్సు వెళ్ళిపోయింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ ముందు గదిలో ఆడవాళ్ళ బట్టలే కుడుతోంది దర్జీ. డాక్టరుకి చెప్పడానికి మొహమాటపడే సంగతులు కూడా ఆమె టేపుకి తెలుసు. ఎవరికి కడుపొచ్చిందో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో మొదట తెలిసేది ఆ గదికే. ఒక్క మాట గడప దాటలేదు. అందుకే ఆమె కస్టమర్ల గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. ఇప్పుడు ఆ నూట నలభై మందితో ఆమె గొంతుతో మాట్లాడుతున్నది ఇంకెవరో.

"వచ్చేసింది!" అని కేక పెట్టింది కూతురు. కాలేజీకి వెళ్ళాల్సిన పిల్ల, తల కూడా దువ్వుకోకుండా గంట నుంచి తల్లి ఫోనుతో కుస్తీ పడుతోంది. "మన సిమ్‌కి కొత్త కోడు తెప్పించి కొట్టాను. వాడు బయటికి పోయాడు."

"హమ్మయ్య," అన్నాడు తండ్రి. బస్సు డ్రైవరు. యూనిఫారం వేసుకుని, డిపోకి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పి కూర్చున్నాడు.

"కానీ మనం కూడా లోపలికి వెళ్ళలేం నాన్నా. వాడు మన ఖాతాకి వాడి పిన్ పెట్టి పోయాడు. అది తెలీకుండా తెరవాలంటే వారం ఆగాలి."

"మన ఇంటికి వాడి తాళమా! అసలు లోపలికి ఎలా వచ్చాడు?"

"మన నంబరుతో వాడి ఫోనులో ఖాతా తెరిచాడు. అలా తెరిచినప్పుడు అమ్మ ఫోనుకి ఆరు అంకెలు వస్తాయి. ఎవరో ఒకరు అవి వాడికి చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఎంత గజదొంగైనా గుమ్మంలోనే ఆగిపోతాడు."

"ఎవరో ఒకరేంటి? ఆ ఫోను నొక్కేది నువ్వు. గ్రూపు పెట్టింది నువ్వు. ఏదో ఆటలో అడిగితే చెప్పేసి ఉంటావు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు!"

"నాన్నా! మూడు నెలల కిందే మనకి మాత్రమే తెలిసే పిన్ ఒకటి పెడదాం అన్నాను. అది ఉంటే ఆ ఆరు అంకెలు దొరికినా వాడికి పనికొచ్చేవి కావు. గుర్తుండదు, వద్దంది అమ్మ. అడుగు."

తండ్రి భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే బల్ల ముందు వంగి ఒక గౌను అంచు మడుస్తోంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. ఆ ఇంట్లో అదొక రూలు. నోట్లో సూదులుంటే ఆమెని ఎవరూ జవాబు అడగరు. ఫోను మోగితే బొత్తాల డబ్బాలోంచి అత్తగారు తీసి, "ఆ, దర్జీనే మాట్లాడుతున్నా," అంటుంది. కోడలు తల ఊపితే సరే, చెయ్యి ఊపితే రేపు రమ్మని. పదేళ్ళుగా కోడలి గొంతు ఆవిడే.

ఆవిడ ఈ పూట గొంతే విప్పలేదు. కుర్చీలో కూర్చుని తెల్ల బొత్తాలూ నల్ల బొత్తాలూ వేరు చేస్తోంది. వేరు చేసినవే మళ్ళీ కలిపేస్తోంది.

"నాన్నమ్మా, నువ్వయినా చెప్పవే," అంది పిల్ల.

"నాకేం తెలుసే తల్లీ, ఫోన్ల సంగతి," అని కోడలి వైపు ఒక్క చూపు చూసి తల దించేసుకుందావిడ.

సాయం అడగడానికి ఫోన్ చేస్తే పోలీసు స్టేషన్లో ఒకావిడ ఓపిగ్గా చెప్పింది. అందరికీ మెసేజ్ కాదు, ఫోన్ చేసి చెప్పండి. ఏ రోజు ఏం జరిగిందో, ఆ ఆరు అంకెల నంబరు ఎవరు చెప్పారో రాసి తీసుకురండి. కొలతల పుస్తకం ఉండబట్టి బతికిపోయారు, అందరి నంబర్లూ అందులో ఉన్నాయి. తండ్రి ఒక పేజీ, కూతురు ఒక పేజీ పంచుకుని ఫోన్లు చేశారు. తొమ్మిదయ్యేసరికి తండ్రి గొంతు బొంగురుపోయింది. కూతురు కళ్ళు ఎర్రబడ్డాయి. ముగ్గురు ఫోటోలు పంపేశామని చెప్పి ఏడ్చారు. దర్జీ సూదులు తియ్యలేదు. ఆ గౌను అంచు మూడోసారి మడుస్తోంది.

పది గంటలకి పోస్టాఫీసు అక్క వచ్చింది.

లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. రెండేళ్ళ కింద ఆపరేషన్లో ఆమెకి ఒకవైపు రొమ్ము తీసేశారు. ఆ సంగతి తెలిసిన వాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరికీ తెలియకుండా లోపల మెత్త పెట్టి జాకెట్లు కుట్టిచ్చేది దర్జీ ఒక్కతే.

"పంపాను చెల్లీ," అంది. గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు. "నువ్వడిగావనుకుని పంపాను. తర్వాత, ముఖం కూడా కనపడాలి, ఇంకోటి పంపమని వచ్చింది. నా ముఖంతో నీకేం పని అనిపించింది. అప్పుడు ఆగాను."

అక్క పైట భుజం నిండా లాక్కుంది.

"ముఖం లేకపోవచ్చు. కానీ అది నేనే కదా. ఎక్కడో ఎవడి ఫోనులోనో నేను ఉన్నాను. మీరు ఫోనులో అన్న ఆ నంబరేదో వాడికి చెప్పింది ఎవరు? నాకు ఆ ఒక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాను."

తండ్రి కూతురి వైపు చూశాడు. బల్ల మీద రాస్తున్న కాగితం ముందు ఆ పిల్ల కలం పట్టుకుని ఉంది. 'నంబరు చెప్పిన వారు' అని రాసి, పక్కన ఖాళీ వదిలింది.

"నేనే అయ్యుంటాను ఆంటీ," అంది, అలిసిపోయి. "నాకు గుర్తు లేదు. నాన్న అంటున్నాడుగా. నేనే అనుకోండి."

"దానికేం తెలుసు, పసిది!" బొత్తాల డబ్బా కింద పడింది. అత్తగారు లేచి నిలబడింది. "నేను చదివాను. నిన్న మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేశారు. దర్జీలకి ఉచిత శిక్షణట, చేరాలంటే మెసేజ్‌లో వచ్చిన అంకెలు చెప్పమన్నారు. ఈ నోటితోనే చదివాను. నన్ను తిట్టండి."

"నువ్వా అమ్మా!" అన్నాడు డ్రైవరు.

దర్జీ అరచేతిలోకి సూదులు ఉమ్మేసింది. నాలుగూ లెక్కగా డబ్బా మూతలో వేసింది. వెళ్ళి అక్క ఎదురుగా నిలబడింది.

"అత్తయ్య అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పారు. ఆ మెసేజ్‌లో అంకెల కింద ఇంకో వాక్యం ఉంది. ఇది ఎవరికీ చెప్పకండి అని. అత్తయ్య అది కూడా చదివారు. 'ఎవరికీ చెప్పొద్దని ఉందే అమ్మాయ్,' అని నన్ను అడిగారు. నోట్లో సూదులు. ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్టు చేతిలో ఉంది. ఆ ఫోను ఆగితే చాలనిపించింది. చెప్పెయ్యమని తల ఊపాను."

ఆమె కూతురి వైపు తిరిగింది.

"పొద్దున నువ్వు ఆరు అంకెలు అనగానే నాకు గుర్తొచ్చింది తల్లీ. మీ నాన్న నిన్ను అంటుంటే విన్నాను. మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాను. అక్కా, దొంగ ఎవడో నాకు తెలీదు. వాడికి నీ గది తలుపు తీసింది నేను. తెలిశాక నా పిల్ల వెనక దాక్కున్నదీ నేనే."

తండ్రి కుర్చీలోంచి లేచి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

పోస్టాఫీసు అక్క చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చింది. కొలతలు తీసుకునేటప్పుడు ఎప్పుడూ కూర్చునే ఎత్తు పీట మీద కూర్చుంది.

"స్టేషనుకి నేనూ వస్తాను," అంది. "ముందు ఆ కాగితం పూర్తి చెయ్యమను."

కలం ఇంకా ఆ ఖాళీ దగ్గరే ఆగి ఉంది. "అమ్మా... ఇక్కడ ఏం రాయను?"

"నీ పేరు కాదు, నాన్నమ్మ పేరు కాదు," అంది దర్జీ, వీధిలోకి వినపడేంత గట్టిగా. "నా పేరు రాయి."