అరుణకుమారి అతికిన పడవ

"అమ్మా! ఆ పడవలోంచి దిగుతావా, దిగవా?"

రాజేంద్ర అరుపుకు దీవిలోని హోప్ టౌన్ ఊరి ఒడ్డున ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మహాలక్ష్మమ్మ మాత్రం కదల్లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పడవ అడుగున చతికిలబడి కూర్చుంది ఆ తల్లి! పెద్దకొడుకు గవరయ్యను సునామీ మింగేసింది. మిగిలినవాడు ఈ రాజేంద్ర ఒక్కడే... వాడేమో ఇవాళే వేటకు పోతానంటున్నాడు. ఆ పడవ అతుకు నిలవదని పెద్దకోడలు అరుణకుమారి ఏడుస్తూ చెబుతోంది. కన్నకొడుకు మాట నమ్మాలా? కోడలి మాట నమ్మాలా? ఏ తల్లికైనా ఎంత కష్టం!

అసలు సంగతేమిటంటే, అలల దెబ్బకు ఈ ఫైబర్ పడవ కొబ్బరి మొద్దుల మీద పడి అడుగు చీలిపోయింది. రిలీఫ్ ఇచ్చేవాళ్లలో ఒకరు గాజుపోగుల ఫైబర్ మ్యాట్ ఇచ్చారు, ఇంకొకరు దాన్ని తడిపి గట్టిగా అతికించే రెసిన్ డబ్బాలు ఇచ్చారు. రెండూ ఊరికే వచ్చాయి, రెండూ పడవ సామానే. ఇంకేం కావాలి? అన్న చేస్తుండగా చూసినవాడే కదా, రాజేంద్ర ఆ మ్యాట్ పరిచి, ఆ రెసిన్ పూసి, అతుకు వేసేశాడు. ఎండలో వీపు కాలిపోయేలా కష్టపడ్డాడు, పాపం!

మొగుడు పోయినప్పటి నుంచీ గడప దాటని అరుణకుమారి ఆ ఉదయమే ఒడ్డుకు వచ్చింది. అతుకులో తెల్లతెల్లగా నూలుపోగుల్లా కనిపించేసరికి దగ్గరికి వంగింది. వేలి కణుపుతో కొట్టి చూసింది. మిగిలిన డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఇది మీ అన్న వాడే రెసిన్ కాదు రాజేంద్రా! అదైతే ముక్కు బద్దలయ్యే వాసనొస్తాది. ఇది ఎపాక్సీ, ఇంకో రకం. ఈ మ్యాట్‌లో పోగుల్ని పట్టుకునే జిగురుంటాది సూడు, అది ఆ వాసనొచ్చే పాలిస్టర్ రెసిన్లోనే కరుగుతాది. దీన్లో కరగదు. పోగుల్లోకి రెసిన్ దిగనేదు, అందుకే తెల్లగా ఉండిపోయింది. నీళ్లొచ్చేస్తాయి బాబూ..."

"బస్ కర్, ఇక సాలు ఒదినా! అన్న పోయాడని పడవ నీదే అనుకుంతన్నావేటి?"

ఎంత మాట! అరుణకుమారి కళ్లలో నీళ్లు జలజలా రాలాయి. "పడవ నువ్వే ఉంచుకో నాయనా... నువ్వు మాత్రం ఇంటికి తిరిగి రా. నాకదే సాలు!"

అది విన్నాకే మహాలక్ష్మమ్మ వెళ్లి పడవెక్కి కూర్చుంది.

"పడవని నీట్లోకి దించరా! నన్ను కూడా కలిపే దించు. నీ అతుకు మీద నీకంత నమ్మకముంటే అమ్మని కూకోబెట్టుకుని తోయడానికి భయమేటి?"

రాజేంద్ర మొహం కందగడ్డయింది. కుర్రాళ్లను పిలిచి, నడుముల్లోతు నీళ్ల దాకా పడవను తోయించాడు. మొదట అంతా బాగానే ఉంది. అతను వదిన వైపు విజయగర్వంతో చూశాడు కూడా. తర్వాత మహాలక్ష్మమ్మ చీర అంచు తడిసింది... మడమలు తడిశాయి... ఆమె వంగింది. దోసిట్లోకి నీళ్లు తీసి కొడుకు ముందు పట్టింది.

"ఇదేటి నాయనా?"

రాజేంద్ర అలాగే నీళ్లలో నిలబడి చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. "ఒదినా! నన్ను సెప్పు తీసుకుని కొట్టు!"

"నోర్ముయ్. ముందు మీ అమ్మని దించు, జలుబు సేస్తాది," అంది అరుణకుమారి ముక్కు తుడుచుకుంటూ.

ఇక చూడాలి ఆ ఇల్లాలి పని! పెళ్లయిన కొత్తలోనే భర్త పక్కన కూర్చుని ఫైబర్ గుడ్డ కత్తిరించిన చెయ్యి అది. మ్యాట్ చుట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పై వీధిలో తాతబ్బాయికి రిలీఫ్‌లో నేసిన ఫైబర్ గుడ్డా, పాలిస్టర్ రెసినూ వచ్చాయి. "అన్నయ్యా, మీ రెసిన్‌కి మా మ్యాట్ కుదురుతాది. మా ఎపాక్సీకి మీ గుడ్డ కుదురుతాది. నేసిన గుడ్డకి ఆ జిగురు గొడవ ఉండదు. మార్చుకుందామా?" అంది. మ్యాట్ అతనికి, గుడ్డ ఈమెకు మార్చుకున్నారు! తరువాత ఒడ్డున ఉన్న ఆడవాళ్లంతా తమ డబ్బాలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. "దీదీ, మాది సూడు," "పిన్నీ, మాది ఏ రకం?" అని ఒకటే గోల! ఆమె వాసన చూసి చెప్పేస్తుంటే, డబ్బా మీద ఇంగ్లీషు రాతలు ఎవరూ చదవక్కర్లేకపోయింది.

రాజేంద్ర పాత అతుకంతా గరుకు రాయి పెట్టి గీకేశాడు. వదిన చెప్పినట్టు ఎపాక్సీలో గట్టిపరిచే మందును కొలత ప్రకారం కలిపాడు. చిన్న గుడ్డ ముక్క మీద పెద్దది పరిచి, గాలి బుడగ లేకుండా ఒత్తాడు. గుడ్డ అద్దంలా తేటపడి కింద పడవ రంగు కనిపించింది. "ఇప్పుడు తాగింది రెసిన్," అంది అరుణకుమారి. బాగా ఆరేదాకా ఎవ్వర్నీ ముట్టనివ్వలేదు.

పడవ వేటకు వెళ్లింది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. అడుగున పొడిగా ఉంది!

పడవ బాగుచేశాక మొదటి వేటలో మంచి చేప అతుకు వేసిన చేతికే ఇవ్వడం ఆ ఇంటి ఆచారం. ఇన్నాళ్లూ అది గవరయ్యదే. రాజేంద్ర నిగనిగలాడే సురమయి చేపను తెచ్చి వదిన ముందు పెట్టాడు. "ఇది నీదే ఒదినా. అతుకేసింది నా సేతులైనా పనితనం నీది."

అరుణకుమారి వెనక్కి జరిగింది. భర్తను మింగిన సముద్రం... అందులోని చేపను ఎలా తినడం? గవరయ్య పోయిన రోజు నుంచీ ఆ ఇంట్లో చేప వండలేదు.

మహాలక్ష్మమ్మ కత్తిపీట ముందుకు లాక్కుంది. తనే తోమి, తనే కోసి, తనే పులుసు పెట్టింది. కంచంలో అన్నం కలిపి ముద్ద కోడలి నోటి దగ్గర పెట్టింది.

"నాకూ మింగుడు పడదే తల్లీ! కానీ నా కొడుకు పని నీ సేతుల్లో బతికుందని ఇయ్యేళ కళ్లారా సూశాను. ఆ సేతులు నీరసపడకూడదు. తిను!"

అరుణకుమారి నోరు తెరిచింది. కన్నీళ్లతో పాటే ముద్ద మింగింది.

"పులుపు సాల్లేదు అత్తా," అంది చివరికి.

"సింతపండు నీకిష్టమొచ్చినంత పిండుకో! రేపట్నుంచి నువ్వే వండు," అంటూ ఆ అత్త కళ్లు ఒత్తుకుని, రెండో ముద్ద కలిపి తన నోట్లో పెట్టుకుంది.