ఆగి వినే హాజరు పెట్టె

హలో, హలో... వినబడుతోందా పిల్లలూ? ఆ టీవీ సౌండ్ కాస్త తగ్గించండి. ఆఁ, ఇప్పుడు వినండి.

సెకండ్ పీరియడ్. ఆరో తరగతి టేబుల్ మీద హాజరు పెట్టె ఉంది. అది రోల్ నంబర్ పిలుస్తుంది. "ప్రెజెంట్" అని వినబడగానే స్క్రీన్ మీద పచ్చ టిక్కు పెడుతుంది. పది మంది ఫ్రెండ్స్ గొంతులు రికార్డ్ చేసి, దానికి ఆ మాట నేర్పింది టకటక. వడగళ్ళ వానలా మాట్లాడుతుందని ఆ పిల్లకి ఆ పేరు.

"పదిహేడు!" పెట్టె పిలిచింది.

ముత్యం లేచింది. ఆగి ఆగి, ఒక్కో మాటా ముత్యంలా పలుకుతుందని టీచర్ ముద్దుగా పెట్టిన పేరది.

"ప్రె... ప్రె..."

ఠక్కున ఎర్ర గుర్తు. ఆబ్సెంట్!

"ఒసేయ్, నువ్వు ఇవాళ కూడా రాలేదటే!" అని వెనక నుంచి ఎవరో అనగానే క్లాసంతా గొల్లున నవ్వింది.

"మూ... మూడు రోజుల్నించీ వస్తూనే ఉన్నా," అంది ముత్యం, కళ్ళనిండా నీళ్ళతో.

టకటక గబగబా అందుకుంది. "టీచర్, నలభై మందిలో ముప్పై ఆరు కరెక్టయితే చాలని కదా సైన్స్ ఎగ్జిబిషన్ రూలు! మనకి ముప్పై తొమ్మిది!"

"రూలు ప్రకారం పాసేనమ్మా," అంది టీచర్. "మరి ఆ ఒక్క తప్పూ రోజూ ఒక్కరికే పడుతోందేం?"

టకటకకి అప్పుడు గుర్తొచ్చింది. రికార్డింగ్ రోజు ముత్యం కూడా లైన్లో నిలబడింది. "నీకు లేటవుతుందే, వద్దులే" అని పంపేసింది తనే.

లంచ్ బెల్ కొట్టగానే టకటక టీచర్ ఫోన్ అడిగి తీసుకుని, ముత్యం పక్కన కూర్చుంది.

"సారీనే. ఇప్పుడు చెప్పు."

"ఎ... ఎగ్జిబిషన్ రేపే కదే!"

"అయితే ఏంటి? ఎంతసేపైనా సరే."

ఇరవైసార్లు రికార్డ్ చేశారు. మిగతా క్లాసు గొంతులూ కలిపారు. అంతకుముందు పెట్టె ఒక్క సెకనే ఆగేది. ఇప్పుడు పది సెకన్లు ఆగేలా మార్చింది టకటక.

మర్నాడు ఎగ్జిబిషన్ హాలు కిటకిటలాడుతోంది.

"పదిహేడు!"

పెట్టె కిమ్మనలేదు. జడ్జిగారు వాచీ చూసుకున్నారు. "ఏమ్మా, మిషన్ ఆగిపోయిందా?"

"లేదండీ, వింటోంది," అంది టకటక.

"ప్రె... ప్రె... ప్రెజెంట్!"

పచ్చ టిక్కు! ఆఖరి నంబర్ దాకా పిలిచేసరికి నలభైకి నలభై! క్లాసంతా ఎగిరి గంతేసింది. ఫస్ట్ ప్రైజ్ కప్పు వాళ్ళదే!

"రెండు మాటలు చెప్పమ్మా," అని జడ్జిగారు మైకిచ్చారు. టకటక దాన్ని ముత్యం చేతిలో పెట్టింది.

"థాం... థాంక్..."

ఆ మాట టకటక నాలుక చివరే ఉంది. అయినా పెదాలు బిగించి నిలబడింది.

"థాంక్యూ!"

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది టకటకే.

సరే మరి, ఈ కథ మీ పక్క బెంచీవాళ్ళకి చెప్పండి. మధ్యలో వాళ్ళేదైనా అనబోతే, పూర్తయ్యేదాకా ఆగండేం!