జకర్యా గారి ఇనప్పెట్టె

ఇనప్పెట్టె పోయిందని ఉదయం 9.40కి తెలిసింది. 11 గంటలకు జ్ఞాపకార్థ కూడిక.

మణుగూరు ఎస్.ఐ. ప్రమీలారాణి 10.05కి జీపు దిగింది. షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. ఇంటి ముందు జకర్యా గారి ఫొటోతో ఫ్లెక్సీ. ‘1948–2009. మాజీ సైనికుడు, విశ్రాంత బ్యాంక్ మేనేజర్, ప్రేమగల అన్న’ అని రాసి ఉంది. ‘తండ్రి’ అన్న మాట ఎక్కడా లేదు.

“ఫ్లెక్సీ ఎవరు కొట్టించారు?”

“నేనే మేడం.” తమ్ముడు షాలేమ్‌రాజు ముందుకొచ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి కొత్త రుమాలు తీశాడు. మడత కూడా విప్పలేదు. “అన్న అంటే నాకు ప్రాణం.”

ప్రాణంలాంటి అన్న పన్నెండు రోజులు దవాఖానాలో ఉంటే ఈయన ఒక్కసారి వెళ్లాడు. పది నిమిషాలున్నాడు. ఆ సంగతి తర్వాత పనిమనిషి ఆదెమ్మ చెప్పింది.

స్టేషన్‌కు ఫోన్ చేసింది ఆరాధన. ఇరవై ఏడేళ్లు. భద్రాచలంలో స్టాఫ్ నర్సు. జకర్యా గారు ఆమె తల్లి సంపూర్ణను చేసుకునేనాటికి ఆరాధనకు నాలుగేళ్లు. సంపూర్ణ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆయన. దవాఖానాలో పన్నెండు రోజులూ ఆరాధనే చూసుకుంది.

“పెట్టెలో ఏముంది?”

“నాన్న రాసిన వీలునామా. ఎనిమిదిన్నరకు మంచం కింద చూసిన మేడం. తొమ్మిదింటికి పాస్టర్ గారిని తీసుకురావడానికి పోయిన. వచ్చేసరికి లేదు.”

“అది దొరక్కపోతే?”

“ఇల్లు చిన్నాన్నది అవుతది. నేను నాన్న రక్తం కాదుగా. ఇల్లు పోతే పోనీ మేడం. నన్ను కూతురని ఆయన రాసిన కాగితం అదొక్కటే.”

ఆమె మెడలో సన్నటి గొలుసు. గొలుసుకు సిలువ. సిలువ పక్కన చిన్న ఇత్తడి తాళంచెవి. ప్రమీలారాణి దాన్ని చూపించి మెల్లగా ఒక ప్రశ్న అడిగింది. ఆరాధన మెల్లగానే జవాబు చెప్పింది.

“ఈ మాట ఎవరితోనూ అనకు,” అంది ఎస్.ఐ.

తొమ్మిదికీ తొమ్మిదీ నలభైకీ మధ్య ఇంట్లో ఉన్నది నలుగురు. షాలేమ్‌రాజు, భార్య గ్రేస్, కొడుకు జస్టిన్, ఆదెమ్మ.

గ్రేస్ పట్టుచీరలో ఉంది. “ఆ పిల్లే దాచి ఉంటది మేడం. నర్సులకు చేతులు చురుకు.”

“చురుకు కాబట్టే మీ బావగారికి పన్నెండు రోజులు బెడ్‌పాన్ ఎత్తిపోయడానికి పనికొచ్చాయి. మీ చేతులకేమైంది?”

గ్రేస్ గాజులు సర్దుకుంది.

ఆదెమ్మ వంట దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. “ఎనభై ఆరు వరదల్ల ఈ పిల్లకు జరమొస్తే సారు భుజాన ఏసుకొని దవాఖానాకు నడిచిండు. మోకాళ్ల దాక నీళ్లు. గప్పుడు ఈ తమ్ముడేడున్నడో అడుగుండ్రి.”

“ఈ పొద్దున ఏమైనా చూశావా?”

“ఏం లేదు. జస్టిన్ బాబు ప్లేట్ల సంచి కారుల పెట్టిండు. గంతే.”

ప్రమీలారాణి కారు వైపు చూసింది. వంద మందికి భోజనం ఇక్కడ. ప్లేట్లు కారులోంచి దిగాలి. కారులోకి ఎక్కడమేంటి?

10.35. అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. షాలేమ్‌రాజు జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు.

“ఆ పెట్టె ఉన్నా లేకున్నా ఒకటే మేడం. అన్న మనసు మార్చుకున్నడు. ఇల్లు నాకే అని రాసిచ్చిండు. చూడుండ్రి, సంతకం.”

“ఎప్పుడిచ్చారు?”

“పోయిన నెల మూడో ఆదివారం. ప్రార్థనయినాక.”

“ఆరాధన ఉందా?”

“లేదు. భద్రాచలంల డ్యూటీ. మేమిద్దరమే.”

“ఉత్తరం ఎక్కడినుంచి తీశారు?”

“గా పెట్టెల నుంచే. దిండు కింద తాళంచెవి తీసిండు, తిప్పిండు, తెరిచిండు. నా కళ్లారా చూసిన.”

“ఒక్క తాళంచెవితో?”

“పెట్టెకు ఉన్నది ఒక్క తాళమే కద మేడం.”

“రాసి సంతకం పెట్టండి.”

పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా.

“కానిస్టేబుల్, బయట కారు డిక్కీ తెరిపించు. ప్లేట్ల సంచి పట్టుకురా.”

జస్టిన్ లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

సంచిలో పైన నాలుగు ప్లేట్లు. అడుగున ఇనప్పెట్టె. జస్టిన్ జేబులో జకర్యా గారి తాళంచెవి.

“చూసిండ్రా, అన్న తాళంచెవి నా కొడుక్కే ఇచ్చిండు,” అన్నాడు షాలేమ్‌రాజు.

“అయితే తెరవండి.”

తిప్పాడు. టక్కుమంది. మూత లేవలేదు. మళ్లీ తిప్పాడు. చెమట పట్టింది. ఈసారి రుమాలు మడత విప్పాడు.

“తుప్పు పట్టింది మేడం. పొద్దున కూడా గిట్లనే...”

అన్నాక గాని తెలియలేదు, ఏమన్నాడో.

ప్రమీలారాణి పెట్టె ముందున్న చిన్న ఇత్తడి రేకును పక్కకు జరిపింది. జకర్యా గారి ఆర్మీ నంబర్ చెక్కిన రేకు. దాని వెనక రెండో తాళం రంధ్రం.

“బ్యాంకు సేఫ్‌కు రెండు తాళంచెవులు. ఒకటి మేనేజర్ దగ్గర, ఒకటి క్యాషియర్ దగ్గర. ఏ ఒక్కరూ తెరవలేరు. మీ అన్న పాతికేళ్లు అలాగే పనిచేశారు. ఇంట్లో పెట్టె కూడా అలాగే చేయించుకున్నారు. రెండోది మొదట సంపూర్ణ గారి దగ్గర. ఆమె పోయాక కూతురి మెడలో. ఆరాధన సెలవు మీద వస్తేనే ఆయన ఈ పెట్టె తెరిచేది. అలాంటి మనిషి, ఆమె భద్రాచలంలో ఉండగా, మీ ముందు ఒక్క తాళంచెవితో తెరిచారా?”

షాలేమ్‌రాజు జేబులో పెట్టుకోబోయిన ఉత్తరాన్ని ప్రమీలారాణి చేయి చాచి అందుకుంది.

“అన్నకు ప్రాణమిచ్చే తమ్ముడు. అన్న పెట్టెకు ఎన్ని తాళాలో తెలియదు. ఉత్తరం ఎవరు రాశారు? మీరా, గ్రేస్ గారా?”

గ్రేస్ భర్త వైపు చూసింది. అదే జవాబు.

ఆరాధన మెడలోని గొలుసు తీసింది. రెండు తాళంచెవులూ ఒకేసారి తిప్పారు. మూత లేచింది.

లోపల డెబ్భై ఒకటి యుద్ధం నాటి పతకం. నర్సింగ్ హాస్టల్ నుంచి ఆరాధన రాసిన ఉత్తరాలు, తారీఖుల వరసలో. అన్నిటికంటే పైన వీలునామా. ప్రమీలారాణి మొదటి వాక్యం బయటికి చదివింది.

“‘నా కూతురు ఆరాధనకు.’”

రెండు పేజీలున్నాయి. ‘సవతి కూతురు’ అన్న మాట ఎక్కడా లేదు. సంతకం కింద మిగిలిన ఖాళీ జాగాను, ఎవరూ ఇంకేమీ చేర్చకుండా, ఆయన అడ్డగీతతో కొట్టేశారు.

ఆరాధన ఆ గీత మీద వేలు పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

సరిగ్గా 11కి బయట మైకు మోగింది. పాస్టర్ గారికి లోపలి సంగతి ఇంకా తెలియదు.

“మొదటగా జకర్యా గారి తమ్ముడు షాలేమ్‌రాజు గారు, తమ అన్నగారిని గురించి రెండు మాటలు చెబుతారు.”

షాలేమ్‌రాజు తలెత్తలేదు. ప్రమీలారాణి గుమ్మం దాకా వెళ్లి పాస్టర్‌కు చెప్పింది.

“ఆయన స్టేషన్లో చెబుతారండీ. రాసుకుంటాం. ఇక్కడ కూతురు మాట్లాడుతుంది.”