సిరప్‌లో విషం లేదు

"నిద్రపుచ్చు. చంపకు," అన్నాడు చీఫ్. అసైన్‌మెంట్ అంతే.

నిద్రపోవాల్సినవాడు ఒక రాడార్ సైంటిస్టు. విదేశీ ముఠా అతని ప్రాణాల కోసం కాచుక్కూర్చుంది. మనిషంత వాయిద్యం పెట్టెలో పెట్టి అతన్ని సరిహద్దు దాటించాలి. మూసిన పెట్టెలో మెలకువగా ఉంటే కేకలు పెడతాడు.

ఏజెంట్ పిచ్చుకది సంగీత బృందం మేనేజరు వేషం. తోటి ఏజెంట్ మందారానిది గాయని వేషం. ఆవిడ నవ్వితే సెంట్రీలు పాస్‌పోర్టు తలకిందులుగా పట్టుకుంటారు.

"సైంటిస్టు మాస్టారికి సూదంటే హడల్. ఈ నిద్రమందు సిరప్ ఇవ్వు," అంటూ సీసా అందించిందావిడ.

పిచ్చుక వాచీ ముల్లు సీసాలో ముంచాడు. పచ్చలైటు. విషం లేదు. డోసూ సరైనదే. స్వయంగా తాగించాడు.

"ఛీ, చేదు!"

"దేశం కోసం మాస్టారూ."

వ్యాను సగం దారిలో ఉండగా పెట్టెలో ఊపిరి కొలిచే సెన్సర్ మోగింది. మూత తీస్తే సైంటిస్టు పెదవులు నీలంగా ఉన్నాయి. పిచ్చుక రేడియో అందుకున్నాడు.

"రోజూ ఏం మందులు వాడతాడు?" అడిగింది హెడ్‌క్వార్టర్స్ డాక్టరమ్మ.

"పొద్దున ఏదో మాత్ర వేసుకున్నాడు. అడిగితే బాగుండదని..."

"చెప్పుల సైజు అడిగావు, పాత ప్రేమలు అడిగావు, ఇది అడగలేదూ? జేబులు వెతుకు!"

డబ్బా దొరికింది. పేరు చదివాడు.

"హెచ్ఐవీ మందు," అంది డాక్టరమ్మ. "అతన్ని బతికిస్తున్నది అదే. కానీ అందులో మందు బలం పెంచే బూస్టరుంది. అది లివర్ పనికి అడ్డుపడుతుంది. నీ సిరప్ ఒంట్లోంచి పోకుండా పేరుకుంటోంది. మందుల కిట్‌లో విరుగుడు ఇంజక్షనుంది, చెయ్యి!"

కిట్ మందారం ఒళ్ళో ఉంది. ఆవిడ తాపీగా కిటికీ దించుతోంది.

"ఆ మాత్ర సంగతి నాకెప్పుడో తెలుసు. పని మీ చేత్తోనే జరగాలన్నారు మావాళ్ళు."

కిట్ బయటికి ఎగిరింది. పిచ్చుక కిటికీలోంచి నడుందాకా వేలాడి పట్టుకున్నాడు. డ్రైవరు బ్రేకు తొక్కి, తుపాకీ తీసి ఆవిడకు గురిపెట్టాడు.

సూది దిగింది. ఏమీ జరగలేదు. తర్వాత సైంటిస్టు గట్టిగా ఊపిరి లాగాడు.

"సంబరపడకు," అంది డాక్టరమ్మ. "విరుగుడు ప్రభావం ముందే తగ్గిపోతుంది, సిరప్‌ది అంత త్వరగా తగ్గదు. ఊపిరి చూస్తూ కూర్చో. బండి ఆసుపత్రికి పోనీ."

ఆసుపత్రికి చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ముఠా పథకం తలకిందులు చేశావ్."

"తాగించింది నేనే సార్."

చీఫ్ వాతావరణం గురించి మాట్లాడాడు.

సాయంత్రానికి సైంటిస్టు తేరుకుని, "తల పగిలిపోతోంది. ఏదైనా మాత్ర ఉందా బాబూ?" అన్నాడు.

తుపాకులకు బెదరని పిచ్చుక రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేనిస్తే మంచినీళ్ళు కూడా తాగకండి మాస్టారూ. డాక్టర్ని పిలుస్తాను."