గొడుగు పాటకు జవాబు

"వానొస్తే గొడుగెవరిది, గొడుగుంటే పక్కనెవరు?"

క్యాంపస్ హాస్టళ్లలో ఈ పాట రాని గొంతు లేదు. దాని మీద రీసెర్చ్ స్కాలర్ భానుప్రకాశ్ సెమినార్‌లో గంటసేపు దంచేశాడు. రాసిందెవరో తెలియని జానపదమన్నాడు. గొడుగు దొరతనానికి చిహ్నమన్నాడు. పాట ప్రశ్నతోనే ఆగిపోవడం తరతరాల వేదన అన్నాడు.

వెనక బెంచీలో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. బోటనీ చదివే షారోన్.

"రాసినవాళ్లు తార్నాకలో ఉన్నారండీ. మా తాతయ్య, నానమ్మ. రండి, టీ కూడా ఇస్తారు."

హాలంతా గొల్లున నవ్వింది. అసలు సంగతి తేల్చుకు రాకపోతే చాప్టర్ మీద సంతకం పెట్టనన్నాడు గైడు. రెండేళ్ల కష్టం ఆ నవ్వుతో నీళ్లపాలైంది. అయినా ఆ అమ్మాయి నవ్వే మళ్లీ వినాలనిపించడం భాను ఖర్మ.

సాయంత్రం తార్నాక ఫ్లాట్‌లో తాతయ్య రత్నకుమార్ పాటలో మాటలన్నీ తనవేనన్నాడు. చర్చి క్వయర్‌లో పాడే తను వరస కట్టకపోతే అవి బస్టాపు గొణుగుళ్లేనంది నానమ్మ శాంతమ్మ. చదువుకునే రోజుల్లో ఆయన రోజుకో ప్రశ్న రాసిచ్చేవాడట. ఆవిడ దాన్ని పాడి వినిపించేదట, జవాబు మాత్రం ఇచ్చేది కాదట.

"మరి ఆఖరి ప్రశ్నకన్నా జవాబు రాయలేదేందమ్మా?" అన్నాడు భాను.

"రాయడమెందుకు నాయనా? ఆవేళ వాన పడుతోంది. వెళ్లి ఆయన గొడుగు కింద నిలబడ్డాను. ఇంక పాటతో పనేముంది?"

భాను పెన్ను ఆగిపోయింది. తను చెప్పిన తరతరాల వేదన ఎదురుగా కూర్చుని జంతికలు కొరుకుతోంది.

బయల్దేరేసరికి వాన మొదలైంది. అబ్బాయిని మెట్రో దాకా దింపి రమ్మని షారోన్ చేతికి గొడుగిచ్చింది నానమ్మ. భాను బుద్ధిగా దాని కిందికి చేరాడు. నాలుగడుగులు వేశాక షారోన్ అతని బ్యాగు వైపు చూసింది. జిప్పులోంచి గొడుగు పిడి బయటికి కనిపిస్తోంది.

"మీ దగ్గర గొడుగుంది కదా?"

"ఉన్నది. గానీ అది దొరతనానికి చిహ్నం. నేను తెరవ."

ఈసారి ఆమె దాచుకోకుండా నవ్వింది. ఆ నవ్వు చూశాక భానుకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"చాప్టర్ పోయినా ఫికర్ లేదు. సెమినార్ల మీరు నవ్విన కాన్నుంచి నాకు ఇంకేం వినిపిస్తలేదు. గిట్లనే రోజూ పక్కన నడుస్తరా?"

ఇంతలో మెట్రో మెట్లు రానే వచ్చాయి.

ఆమె ఆగలేదు. గొడుగు కాస్త అతని వైపు వంచి, మెట్లు దాటించి, తర్వాతి స్టేషనైన హబ్సిగూడ వైపు నడిపించింది.