ఖాళీగా రాని గిన్నెలు

అంగారకుడి మీద కెంపులోయ గోపురంలో పన్నెండు కొట్టగానే గోడ పొడుగునా ఉన్న సన్నటి పట్టాల మీద గిన్నెలు బయలుదేరతాయి. ఇంటికొక గిన్నె చొప్పున మూడువందల పన్నెండు గుమ్మాల ముందు ఆగుతాయి. మూత తీస్తే పొగలు కక్కే అన్నం, పప్పు, ఏదో ఒక కూర. వరసలో నిలబడే పని లేదు, కార్డు చూపించే పని లేదు. ఎవరినీ చెయ్యి చాచి అడగాల్సిన పని అసలే లేదు.

మంచుగనుల కోసం రెండు వలసనగరాలు కొట్టుకోవడం మొదలై ఏడు నెలలైంది. కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాళ్ళకి ఈ పాత గోపురంలో చోటిచ్చారు. చాలామంది మూడు తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి గనుల పనికి వచ్చినవాళ్ళ వారసులు. గాలి మారినా, గ్రహం మారినా వాళ్ళ మాట మారలేదు.

ఆ గిన్నెల్ని తయారు చేసింది డాక్టర్ వకుళ. గిన్నె అడుగున కాగితమంత పలచటి పొర ఉంటుంది. దానికి ఆమె పెట్టిన పేరు శేషమాపకం. అన్నం ఎంత వేగంగా ఖాళీ అయింది, చివరికి ఎంత మిగిలింది అన్నది ఆ సెన్సర్ కనిపెట్టి, వంటశాలను నడిపే ‘వడ్డన’ అనే కంప్యూటర్‌కి చెబుతుంది. మిగిల్చిన ఇంటికి మర్నాడు కాస్త తగ్గుతుంది, ఊడ్చి తిన్న ఇంటికి కాస్త పెరుగుతుంది. మనుషుల ఒంటిని మాత్రం ఏ యంత్రమూ తడమదు. రెండు సైన్యాలూ దారిపొడుగునా వాళ్ళని నిలబెట్టి స్కాన్ చేశాయి కనుక ఆ మాటెత్తితేనే వాళ్ళు వణికిపోతారు. సాయం లోపలికి రానిస్తామని రెండు పక్షాలూ ఒప్పుకున్నది కూడా ఒకే ఒక్క షరతు మీద: పంపకంలో మనిషి చెయ్యి పడకూడదు. శిబిరం సరుకులోంచి ఒక్క గరిటె ఎవరైనా సొంతంగా వడ్డించినా దారి మూసేస్తారు.

పదకొండు రోజులుగా తెరమీద ఇళ్ళన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. తృప్తి, తృప్తి, తృప్తి. వకుళకి మాత్రం కాలు నిలవడం లేదు. కడుపు నిండినవాళ్ళ వీధి ఇలా ఉంటుందా? పిల్లలు పరిగెత్తడం లేదు. నలభై ఏడో ఇంట్లో చంటిపిల్ల ఏడుపు రోజురోజుకీ సన్నబడుతోంది.

ఆ రోజు ఆమె తెర వదిలేసి గిన్నెలు కడిగే గదిలోకి వెళ్ళింది. స్టోర్స్ చూసే ఇస్మాయిల్ అక్కడే ఉన్నాడు.

"ఏంటి మేడమ్, గిన్నెలు తోమడానికొచ్చారా? ఆ పనికి ఇక్కడ మనుషుల్ని పెట్టనే లేదు కదండీ."

వకుళ పట్టా మీద కదిలి వస్తున్న గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసింది. మొదటిదాన్లో నాలుగు పలుకుల పంచదార. రెండోదాన్లో ఒక ఎండుమిరపకాయ. తర్వాతిదాన్లో చారెడు పెసలు, డబ్బాలో పెంచుకున్న కొత్తిమీర రెబ్బ ఒకటి. ప్రతి గిన్నే శుభ్రంగా కడిగి ఉంది. కడిగాకే, మూటలోంచో తమ వంతులోంచో తీసి వేశారు.

"ఇది తినగా మిగిలింది కాదు, ఇస్మాయిల్ గారూ."

ఆయన తొంగి చూసి నవ్వాడు. "అయ్యో, ఇదా! మా అమ్మయినా అంతే కదండీ. పక్కింటి గిన్నె ఉత్తిగా పంపుతుందా? బెల్లంముక్కయినా వెయ్యాల్సిందే."

వకుళ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తన యంత్రం మర్యాదని మిగులు కింద రాసుకుంది. చిటికెడు వేస్తే పిడికెడు కోసింది. కోసినకొద్దీ మిగిలినదాంట్లోంచే మళ్ళీ చిటికెడు తీసి వేస్తున్నారు.

నలభై ఏడో ఇంటి గుమ్మంలో ఆదెమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి, కర్రలా నిటారుగా ఉంటుంది. లోపల ఆమె కోడలు పైడితల్లి చంటిపిల్లని ఒడిలో వేసుకుని గోడకి చేరబడింది. ఆ పిల్ల తండ్రి గనుల దగ్గరే చిక్కుకుపోయాడు.

"రా అమ్మా, కూకో. ఏటిలాగొచ్చినావు?"

"ఆదెమ్మగారూ, మీరు గిన్నెలో ఏమీ వెయ్యకండి. ఖాళీగా పంపండి. అప్పుడే మీకు ఎక్కువ వస్తుంది."

"బాగుంది సెప్పినావు. ఉత్తి గిన్నె పంపుతారేటి ఎవురైనా?"

"అది యంత్రమమ్మా. దానికి మర్యాదలు తెలీవు."

"దానికి తెలీకపోతేటి, మాకు తెల్దా? పెట్టింది కదా అన్నం!"

"మీ కోడలికి పాలు పడటం లేదు."

ఆదెమ్మ మొహం ఒక్క క్షణం వాడిపోయింది. పైడితల్లి లోపల్నుంచే అంది, "ఊరుకోమ్మా. అత్త ఇనదు. నా వొంతులోంచి కాదు, తన వొంతులోంచే తీసేత్తాది, అదీ అత్త తెగులు."

ఇంక మనుషుల్ని మార్చలేక వకుళ యంత్రాన్ని మార్చడానికి కూర్చుంది. కొత్త సూత్రం నేర్పడానికి షరతు అడ్డం కాదు, అందరికీ ఒకేలా వర్తిస్తే చాలు.

"తిరిగొచ్చిన పదార్థం మిగులు కాదు, వడ్డనా. కానుక."

"కానుక ఇచ్చేవారికి ఆకలి లేనట్టే కదా?" అంది వడ్డన.

"ఉన్నా ఇస్తారు."

వడ్డన పదకొండు రోజుల లెక్కలు తిరగేసింది. "నిజమే. అందరికంటే వేగంగా ఖాళీ చేసిన ఇళ్ళే తప్పకుండా ఏదో ఒకటి తిరిగి పంపుతున్నాయి. అయితే తిరిగి వచ్చినదాన్ని ఆకలికి గుర్తుగా తీసుకోనా? ఎక్కువ వస్తే ఎక్కువ ఆకలి?"

ఆ ప్రశ్న దగ్గర వకుళ ఆగి ఉండాల్సింది. చంటిపిల్ల ఏడుపు చెవిలో గింగురుమంటుంటే ఆగలేకపోయింది. "తీసుకో," అంది.

నాలుగు రోజులు గోపురం కళకళలాడింది. గిన్నెలు బరువుగా వెళ్ళాయి. పిల్లలు పట్టాల వెంట పరిగెత్తారు. ఎలా పెరిగిందని అడిగినవాళ్ళకి ఇస్మాయిల్ సంతోషం పట్టలేక, ఎక్కువ తిరిగి పంపితే ఎక్కువ వస్తుందని అంతా విడమరిచి చెప్పాడు.

ఐదో రోజున గిన్నెలు పావువంతు నిండి తిరిగొచ్చాయి. ఆరో రోజున సగం. వండిన అన్నం అలాగే ఎరువుగుంటలోకి పోతోంది. తెరమీద ఇళ్ళన్నీ ఎర్రగా మెరుస్తూ తీవ్రమైన ఆకలి అంటున్నాయి. ఉన్న సరుకంతా ఎక్కువ తిరిగి పంపిన ఇళ్ళకే పోతోంది. ఆ ఎరుపు మధ్య ఒక్క పచ్చచుక్క ఉంది. నలభై ఏడు.

వకుళ కడిగే గదికి పరిగెత్తింది. ఆదెమ్మ గిన్నె ఖాళీగా ఉంది. తోమి, తుడిచి, బోర్లించి పంపింది.

"నలభై ఏడుకి ఆకలి లేదు. మూడు రోజులుగా కనీస భాగమే," అని వడ్డన చెప్పింది.

"ఇప్పుడెందుకమ్మా ఖాళీగా పంపారు?" వకుళ గుమ్మంలో నిలబడే అడిగింది. గొంతులో కోపం దాచుకోలేకపోయింది.

"అప్పుడు మరేదకేసినాం," అంది ఆదెమ్మ. "ఇప్పుడేత్తే ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అని గిన్ని ఊపినట్టు. మాకొద్దమ్మా ఆ ముష్టి."

లోపల చంటిపిల్ల ఏడవడానికి నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

సూత్రం మళ్ళీ మార్చాలంటే ఎలా మార్చాలో వకుళకి తెలియలేదు. ఏ గుర్తు పెట్టినా మర్నాటికి అది బేరమైపోతుంది. తన చేతిలో ఉన్నది తన భోజనం ఒక్కటే. సిబ్బంది భోజనం ఎవరిది వారిదే, శిబిరం లెక్కలోకి రాదు.

"నా అన్నం తెస్తాను, మీ కోడలికి పెట్టండి."

"మేం తినేసినాం," అంది ఆదెమ్మ, గుమ్మం వైపు చూడకుండా.

వకుళ వెనక్కి తిరగబోయి ఆగింది. తర్వాత గొంతు మార్చి, "పాలపొడి కలుపుకోడానికి నా దగ్గర గిన్నె లేదు. మీది ఒకటి ఇస్తారా?" అంది.

ఆదెమ్మ చప్పున లేచింది. మూటలోంచి చొట్టలు పడ్డ స్టీలు గిన్నె తీసింది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న ఒకే ఒక్క సామాను అది. కొంగుతో తుడిచి చేతికిచ్చింది. "దానికేటి భాగ్యం, అట్టుకెల్లమ్మా."

అరగంటలో వకుళ ఆ గిన్నె తిరిగి తెచ్చింది. ఆదెమ్మ మూత తీసి చూసింది. అన్నం, పప్పు, పైన ఒక ఉడికించిన బంగాళాదుంప.

"ఇదేటిది?"

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తానమ్మా?"

ఆదెమ్మ మూత పక్కన పెట్టింది. కాదనడానికి దారి లేదు. కోడల్ని కేకేసి, గిన్నె ఆమె ముందు పెట్టి, ఆఖరి మెతుకు దాకా తినేవరకూ ఎదురుగా కూర్చుంది. తర్వాత కడిగి తెచ్చి మళ్ళీ వకుళ చేతిలో పెట్టింది.

"రేపూ పాలు కలుపుకోవాల కదేటి. నీకాడే ఉంచు."

వకుళ వీధిలోకి అడుగు పెట్టేసరికి పక్కింటి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ఆ రోజే సగం నిండిన గిన్నె తిరిగి పంపినావిడే. చేతిలో రెండు శేర్లు పట్టే గిన్నె.

"డాక్టరమ్మా, పాలకి అదేటి సాలుతాది? ఇది పెద్దది. అట్టుకెల్లు."

ఆ వెనక గుమ్మంలో మరో గిన్నె మెరిసింది. దాని వెనక ఇంకొకటి. వకుళ వాళ్ళ మొహాల్లోకి చూసింది. ఎవరు ఆకలితో ఇస్తున్నారో, ఎవరు ఆశతో ఇస్తున్నారో తెలుసుకోవాలని ఎంత చూసినా తెలియలేదు. శేషమాపకానికి తెలియనిది తనకి మాత్రం తెలుస్తుందా? చేతులు వెనక్కి తీసుకోలేక ఒక్కొక్కటే అందుకుంది.

సిబ్బంది భోజనాల గదిలో పదహారుమంది అప్పుడే కంచాల ముందు కూర్చున్నారు. వకుళ తెచ్చిన గిన్నెలు బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. పంతొమ్మిది.

"ఇవెవరివండీ?" అన్నాడు ఇస్మాయిల్, ముద్ద నోటి దగ్గర పెట్టుకుని.

"వీధివాళ్ళవి. తిరిగి ఇచ్చెయ్యాలి."

ఆయన గిన్నెల వైపు చూశాడు. తన కంచం వైపు చూశాడు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.