పలకని మెట్టు

పై నిషాదాన్ని ఎందుకు వదిలేశారు?

అమెరికాలో రంగస్థలానికీ సినిమాకూ పాటలు కట్టి పేరు తెచ్చుకున్న క్లెమెంట్ హాలోవే అనే సంగీతకర్తను అక్కడి పత్రికలవాళ్లు పదే పదే అడిగిన ప్రశ్న ఇది. ఆయన పేరు నిలబెట్టిన పాటలో బాణీ కింది నిషాదాన్ని రెండు చోట్ల తాకుతుంది. పైకి ఎక్కేటప్పుడు మాత్రం ధైవతం నుంచి నేరుగా పై షడ్జం మీదికి దూకుతుంది. ఆయన మేధ అంతా ఆ దూకడంలోనే ఉందని విమర్శకులు రాశారు. ఆయన నవ్వి ఊరుకున్నాడే తప్ప ఎన్నడూ జవాబు చెప్పలేదు.

జవాబు తెలిసిన మనిషి ఆ శనివారం పొద్దున, మైసూరు రాష్ట్రంలోని బీదరులో, జొన్నరొట్టె చరుస్తూ ఆ బాణీనే కూనిరాగం తీస్తున్నది. ఎలీసబెతు నోట అది అమెరికా పాట కాదు. కోత పండుగ నాడు చర్చి సంఘమంతా లేచి నిలబడి పాడే పరిగె పాట. కోత అయిపోయిన చేనులో రాలిన కంకులు ఏరుకునే పిల్ల, తన ఒడి నింపమని ప్రభువును అడిగే పాట.

ఆమె భర్త ఫిలిప్పు మిషన్ ఆసుపత్రిలో కంపౌండరు, సంఘం కమిటీకి కార్యదర్శి. బయటి నుంచి వచ్చినవాడు చెప్పులు విడవకుండానే వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఆ పాట ఆపు, ఎలీసా."

"ఎందుకట?"

"రేపు ఆరాధన అయినంక కమిటీ కూసుంటది. ఆ పాటను పుస్తకంల నుంచి తీసేస్తున్నం. తీర్మానం నేనే చదవాలె."

పెనం మీద రొట్టె వేయబోయిన చేయి ఆగిపోయింది. వరండాలో బియ్యం చెరుగుతున్న ఫిలిప్పు అక్క హేబ్సిబా తల ఎత్తింది.

"పాట ఏం పాపం చేసిందిరా?"

"ఎయిర్ ఫోర్స్ పోరగాండ్ల కోసమని టాకీసుల ఇంగ్లీషు సినిమా ఏసిన్రు గదా. అండ్ల ఒక ఆడామె సారా దుకాణంల మేజా ఎక్కి, మోకాళ్లు కనవడంగ మన పరిగె పాట పాడుతాందట. మాటలు వేరే, బాణీ అదే. కమిటీ పెద్ద జయానందమన్న విన్నడు."

"జయానందం సినిమాకెందుకు పోయిండు?"

"దారిన పోతుంటే వినవడ్డదట."

"దారిన పోతుంటే మోకాళ్లు గూడ కనవడ్డయా?" హేబ్సిబా చాటలో రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "నిన్న మల్ల పోయిండట, పక్కింటి రాచమ్మ చెప్పింది. పాపం ఖాయమో కాదో ఇంకొకసారి చూసుకోవాలె గదా, పెద్దమనిషి!"

టీచరు ట్రైనింగు చదువుతున్న కూతురు లీయా పకపకా నవ్వింది. ఎలీసబెతు నవ్వలేదు.

"ఆ సినిమాకు సంగీతం ఎవరిదట?"

ఫిలిప్పు భార్య ముఖం వైపు చూడకుండా చెప్పాడు. "ఇంకెవరిది? నీ హాలోవే దొరది."

హాలోవే అనే పేరు కంటే దాని ముందున్న 'నీ' ఆ ఇంట్లో ఎక్కువ సేపు నిలిచింది.

హాలోవే ఆ ఊరికి తెలియనివాడు కాడు. నిజాం కాలంలో, మీసం సరిగా రాని వయసులో, ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకోవడానికి బీదరు పొడిగాలి మంచిదని వచ్చాడు. మిషన్ బాలికల పాఠశాల నడిపే దొరసాని ఆయనకు మేనత్త. ఒక చలికాలం ఉండి, కోత పండుగ నాటకానికి ఆ బడి ఆడపిల్లల చేత, వాళ్లలో ఎలీసబెతు చేత కూడా, పాటలు పాడించి, తిరిగి ఓడ ఎక్కాడు. న్యూయార్కులో మొదట నటులు సాధన చేసే గదుల్లో పియానో వాయించాడు. ఆయన కట్టిన మొదటి నాటకం ఆ నగరం చేరకముందే చిన్న పట్టణంలో దెబ్బతిని ఆగిపోయింది. రెండోది ఏళ్ల తరబడి ఆడింది. హాలీవుడ్ పిలిచింది, బహుమతులిచ్చింది. గిటారు పట్టిన కుర్రవాళ్లు వచ్చాక అదే హాలీవుడ్ ఆయనను పాతవాడన్నది.

ఇదంతా ఎలీసబెతుకు మందు పొట్లాల ద్వారా తెలిసింది. మిషన్ దొరల బంగళాలో చదివేసిన అమెరికా పత్రికలను పొట్లాలు కట్టడానికి ఆసుపత్రికి ఇచ్చేవారు. ఫిలిప్పు వాటిని ముక్కలు కోయడానికి ఇంటికి తెచ్చేవాడు. కత్తెర పడకముందే ఆమె చదివేది. నాటకం మొదలయ్యే ముందురోజు పాట మార్చి రాయడం, ఒకచోట పనికిరాని బాణీని పారేయకుండా దాచి మరో నాటకంలో వాడుకోవడం, నలభై వాయిద్యాలు ఒకేసారి శ్రుతి చూసుకోవడం, ఇవి చదువుతుంటే ఆ పని తానూ చేయాలన్న ఆకలి ఆమెకు పుట్టేది. హాలోవే గురించి రాసిన పుటను ఆమె కోయనిచ్చేది కాదు. ఆ పుటలో ఆయన బొమ్మ కూడా ఉండేది. ఫిలిప్పు చూసినది ఆ బొమ్మనే.

సంఘం పాటల పుస్తకంలో ప్రతి పాట కిందా బాణీ కట్టినవారి పేరు అచ్చువేయడం వాడుక. పరిగె పాట కింద హాలోవే పేరు ఉన్నది.

మధ్యాహ్నం అంట్లు కడిగి, ఎలీసబెతు చేతులు తుడుచుకున్నది. "లీయా, చెప్పులేసుకో. సినిమాకు పోదాం."

"నేను గూడ వస్త," అన్నది హేబ్సిబా. "కమిటీల ఆడోళ్లకు ఓటు లేకపాయె. కనీసం పాపమన్న చూడనియ్యి."

చీకట్లో తెర మీద ఆ స్త్రీ బల్ల ఎక్కింది. వందకు తక్కువ కాని ఫిడేళ్లు లేచాయి. బాణీ మెల్లగా ఎక్కి, ధైవతం దగ్గర ఒక్క క్షణం నిలిచి, పై షడ్జం మీదికి దూకింది. ఎలీసబెతు కుడిచేతి వేళ్లు ఒడిలో కదులుతున్నాయి. ఒక వేలు గాలిలోనే ఆగి, ఏదో దాటింది.

"అమ్మా, ఏడుస్తున్నవా?"

"లేదు. వింటున్న."

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. ఫిలిప్పు తీర్మానం రాసి, సిరా ఆరడానికి ఊదుతున్నాడు.

"ఆ బాణీ దొరది కాదు," అన్నది ఎలీసబెతు. "నాది."

ఫిలిప్పు కలం కింద పెట్టాడు. "ఇన్నేండ్ల నుంచి ఆయన బొమ్మలు దాచుకున్నవు. ఇప్పుడు ఆయన పాట గూడ దాచుకుంటవా?"

"నాయినా!" అన్నది లీయా.

"ఉండు బిడ్డా, అననియ్యి. ఈ మాట ఎప్పుడన్న ఒకనాడు బయటికి రావలసిందే," అన్నది ఎలీసబెతు.

"నీదైతే ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?" ఫిలిప్పు అడిగాడు.

"చెప్పిన. పుస్తకం అచ్చయిననాడే దొరసానికి చెప్పిన. పాటలు దేవునివి పిల్లా, గర్వపడకు, అన్నది. పాటలు దేవునివైతే కింద ఆమె మేనల్లుని పేరెందుకు? ఆ మాట అడగడానికి నాకు నోరు రాలే. వాళ్ల బడిల, వాళ్ల అన్నం తిని పెరిగినదాన్ని. నాలుగు గొంతులు కలిసి పాడేటట్టు సర్దింది ఆయనే గదా, అందుకే ఆయన పేరు పెట్టిన్రేమో అనుకున్న." ఆమె గొంతు పెరగలేదు. "ఆయనకు వాయించి చూపిస్తే నాకేమన్నడో తెలుసా? ఇది పాట కాదు, ఏరుకునే పిల్ల కూనిరాగం, అన్నడు. నమ్మిన. అందుకే మల్ల ఒక్క పాట గూడ కట్టలే. ఆయనేమో దాన్నే పట్టుకపోయి బతికిండు."

లీయా గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"రుజువేంది?" అన్నాడు ఫిలిప్పు. ఆ గొంతు భర్తది కాదు, కార్యదర్శిది.

"చర్చి తాళం తీసుకోండి."

చర్చిలో పాత ఆర్గన్ మూలన ఉన్నది. కాళ్లతో తొక్కుతూ వాయించేది. ఎలీసబెతు మూత ఎత్తింది.

"దొర దీన్ని ముట్టేటోడు కాదు. దగ్గే మేక అనేటోడు. ఆయనకు బంగళాల పియానో ఉండె. మమ్ముల బంగళా లోపటికి రానిచ్చేటోళ్లు కాదు. ఆడపిల్లలకు ఇదొక్కటే. ఇప్పుడు నా వేళ్లు చూడండి. ఏ మెట్టు మీద పడ్తలేవో చెప్పండి."

ఆమె నెమ్మదిగా వాయించింది. ఫిలిప్పు లాంతరు దగ్గరికి పట్టాడు. వేళ్లు ఎక్కుతున్నాయి, ఎక్కుతున్నాయి, ఒక తెల్లమెట్టును దాటి అవతల పడ్డాయి. రెండోసారీ అంతే.

ఆ మెట్టు ఆయనకు తెలుసు. పెళ్లయిన మొదటి ఏడు, వాయించే భార్యకు కానుకగా ఈ ఆర్గన్‌ను తానే విప్పి బాగుచేశాడు. ఎలుకలు కొరికి ఒకే ఒక్క మెట్టు కింద రీడు, గాలికి పలికే ఇత్తడి రేకు, విరిగి ఉన్నది. హుమ్నాబాద్ పోయి, హార్మోనియం పేటీలు మరమ్మతు చేసే సాయిబు దగ్గర పాత రీడు సంపాదించి, దాన్ని బిగిస్తూ బొటనవేలు కోసుకున్నాడు. మచ్చ ఇంకా ఉన్నది. ఆ వేలితోనే ఇప్పుడు మెట్టు నొక్కాడు. పై నిషాదం స్పష్టంగా పలికింది.

"ఇది నేను..."

"అవును. మీరు బాగుచేసిందే. నేను పాట కట్టిననాడు అది పలకకపోయేది. అందుకే దాటిన. మీరు బాగుచేసేటప్పటికి అందరికి అట్లనే నోటికొచ్చింది." ఆమె చేతులు ఒడిలో పెట్టుకున్నది. "ఆయన వంద ఫిడేళ్లల్ల ఏదీ విరగలేదు గదా. మరి ఆయనెందుకు దాటిండు?"

ఫిలిప్పు లాంతరు నేల మీద పెట్టి, బల్ల చివర కూర్చున్నాడు. అక్కడి నుంచే అన్నాడు:

"నువ్వు ఆ దొరను యాది చేసుకుంటున్నవనుకున్న, ఎలీసా. ఇన్నేండ్లూ."

"దొరను కాదండి. దొర చేసే పనిని."

ఆయన ముఖాన్ని చేతుల్లో దాచుకున్నాడు. తరువాత, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "ఒక్కసారి ఆ మెట్టు గూడ ముట్టి వాయించరాదు? ఎట్లుంటదో విందాం."

ఆమె ప్రయత్నించింది. వేలు దాని మీదికి వెళ్లింది. నొక్కలేకపోయింది.

మర్నాడు కమిటీలో ఫిలిప్పు తీర్మానం జేబులోనే ఉంచుకుని లేచాడు. "ఈ బాణీ నా భార్య కట్టింది. నేను బాగుచేసిన మెట్టే సాక్షి," అని, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

జయానందం కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఏమయ్యా ఫిలిప్పూ, అమెరికా దొరకు మన ఎలీసబెతమ్మ పాట కావలసివచ్చిందా?"

కొందరు నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ హేబ్సిబా అక్కడి నుంచే పలికింది. "సినిమా రెండుసార్లు చూసినోళ్లు గీ ముచ్చటల మాట్లాడొద్దు, జయానందమన్నా!" ఈసారి అందరూ నవ్వారు, ఒక్క జయానందం తప్ప.

చివరకు శాంతి కోసమని ఒక నిర్ణయం చేశారు. పాట ఉంటుంది. హాలోవే పేరు తీసేస్తారు. ఎలీసబెతు పేరు వేయరు. పాటలు దేవునివి.

పండుగ నాడు పాడబోయే పాటల పేర్లు చదివి వినిపించే బాధ్యత కార్యదర్శిదే. ఫిలిప్పు లేచి, పుస్తకం మూసి, వెనుక బల్లల దాకా వినబడేట్టు అన్నాడు: "పరిగె పాట. కట్టినది ఎలీసబెతు." ఆర్గన్ ముందు కూర్చున్న ఆమె మొదటి వరుస తప్పింది. సంఘం ఆగి, ఆమె సర్దుకునేదాకా ఎదురుచూసి, తరువాత పాడింది.

ఆ వారంలోనే ఆమె ఒక కొత్త బాణీ మొదలుపెట్టింది. ఏ మెట్టునూ దాటనిది. సగం కట్టింది. మిగతా సగం కట్టడానికి కావలసిన వయసు ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టిన ఏడాది హాలోవే పోయాడు. అమెరికా పత్రికలు ఆ పాత ప్రశ్ననే మళ్లీ అచ్చువేసి, జవాబు ఆయనతోనే పోయిందని రాశాయి. బీదరు సంఘం పుస్తకంలో పరిగె పాట కింద ఈనాటికీ ఖాళీ ఉన్నది.

మీ ఇంట్లోని పాటల పుస్తకం తీయండి. పేరు లేని పాట దగ్గర వేలు పెట్టండి. వంటింట్లో దాన్ని కూనిరాగం తీస్తున్న మనిషిని పిలిచి, ఇది ఎవరిదో అడగండి. ఆమె నవ్వి తప్పించుకోబోతే వదలకండి. జవాబు వచ్చేదాకా ఆమె ఎదుట కూర్చోండి.